గుండ్రంగా పెట్టిన సంతకాలు

తాందులా డ్యామ్ గట్టు, బాలోద్ దగ్గర
18 నవంబరు 2024

మావయ్యా,

కుశలం అడగకు. కుశలంగా ఉండేదాన్నయితే సెక్టర్ 6 క్వార్టర్లోనే కూర్చుని అమ్మ కొనిచ్చిన బ్యాంకు పరీక్షల గైడు బట్టీ పడుతూ ఉండేదాన్ని.

బయల్దేరి నాలుగు రోజులైంది. నాన్న ఓమ్ని వ్యాను ఇంకా ప్రాణంతోనే ఉంది. ఆయన పోయాక రెండేళ్లు క్వార్టరు ముందు దుమ్ము తిన్న బండి కదా, రెండో గేరు పడాలంటే ప్రతిసారీ బతిమాలించుకుంటోంది. హైవే ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను. హైవే మీద లారీల వెనక రాతలు కనబడతాయి, మనుషులు కనబడరు. కాలవ గట్లు, అడవి శాఖవాళ్ల మట్టిదారులు, ఊళ్ల మధ్య సందులు, ఇవే నా దారులు. సాయంత్రం అయ్యేసరికి ఎక్కడుంటే అక్కడ గుడారం, చిన్న సిలిండరు మీద అన్నం, సీసాలో ఆవకాయ. నిన్న అన్నం మాడింది. మాడిన అన్నం తినే స్వేచ్ఛ నాకు ఇప్పుడే దొరికింది.

ఫోను కట్టేసి డాష్‌బోర్డు అరలో పడేశాను. నీకు ఎలాగూ వినబడదు. ఉక్కు ప్లాంటులో కరిగిన ఇనుము మోసే లాడిల్ బళ్ల వెంట జెండా పట్టుకుని ముప్ఫై ఏళ్లు తిరిగావు, అవి నీ చెవులు రెండూ తినేశాయి. అందుకే ఉత్తరాలు. తెలుగు రాయడం నేర్పింది నువ్వే, నీ ట్రంకుపెట్టెలో కరపత్రాలు ముందేసి. మా క్లాసులో పిల్లలంతా హిందీలో కలలు కనేవాళ్లు. నాకు మాత్రం అ అంటే అన్యాయం, ఆ అంటే ఆందోళన.

నేను తీస్తున్న ఫోటోలకి పేరు పెట్టాను: 'నిలబడ్డవాళ్లు'. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు. అడవి చెక్‌పోస్టు దగ్గర వెదురు అడ్డం ఎత్తేవాడు, కాటా దగ్గర లారీలు తూచేవాడు, ఈ డ్యామ్ గట్టు మీద చేపలమ్మి. ఒక్కో మనిషికి ఒక ఫోటో, కింద నాలుగు వాక్యాలు, ఒక పోస్టరు. మెమరీ కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది. సుపేలాలో అనిల్ జిరాక్స్ షాపుకి తీసుకెళ్లు, అతను ప్రింటు వేస్తాడు. అతికించడం నీ పని. మైదాపిండి ఉడకబెట్టడం మర్చిపోలేదు కదా?

ఒకటి నీకు చెప్పకుండా చేశాను. ట్రంకులో అడుగున ఒక పాత అర్జీ ఉంది చూడు, మధ్యలో గుండ్రం, చుట్టూ కిరణాల్లా సంతకాలు. దాన్ని జిరాక్స్ తీసి బండి లోపల పైకప్పుకి అతికించాను. ప్రతి పోస్టరుకీ ఒక మూలన అదే మన గుర్తు. ఉదయించే సూర్యుడు! మీవాళ్లు ఎంత కవులు మావయ్యా.

జవాబు 'పోస్ట్‌మాస్టర్ దగ్గర ఉంచవలెను, దొండీ' అని రాయి. అక్కడికి చేరతాను, ఎప్పుడో.

నీలిమ

*

మరోదా
25 నవంబరు

ఒసే గుంటా,

మైదాపిండి ఉడికింది. కొంచెం అడుగంటింది కూడా. నీ స్వేచ్ఛ నాకూ అంటుకున్నట్టుంది.

నీ పోస్టర్లు మూడూ సుపేలాలో బస్సులాగే చోట గోడ మీద అతికించాను. పక్కన పాన్ షాపతను వచ్చి నా నోటు పుస్తకంలో 'ఏ పార్టీ?' అని హిందీలో రాశాడు. 'మేనకోడలి పార్టీ' అని రాసిచ్చాను. రిటైరైన టీచరు జ్ఞానప్రసూనగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చేపలమ్మిని చూసి, నా చేతిలోంచి పెన్ను లాక్కుని, 'ఆ గుంట నాలుగు ముక్కలు రాసింది గానీ చేప రేటు రాయలేదేటి?' అని రాసింది. ఆలోచిస్తే నాకూ సబబే అనిపించింది.

అక్క రోజూ అడుగుతోంది. నువ్వు రాయపూర్‌లో నీ స్నేహితురాలు వాసవి గదిలో కూర్చుని పరీక్షకి చదువుతున్నావని చెప్పాను. చెవిటివాడికి అబద్ధం సులువు, ఎదురు ప్రశ్న వినబడదు. కానీ ఎక్కువ రోజులు లాగలేను. మీ అమ్మ రాయడం మొదలుపెడితే నా నోటు పుస్తకం చాలదు.

నీకు మూడు మాటలు. ఎండిన వాగులో గుడారం వేయకు. టైరు పక్కన రాయి పెట్టకుండా బండి దిగకు. ఫోటో తీసేముందు అడుగు, తీశాక చూపించు, చూపించాక ఇంకోసారి అడుగు. నీకు ఈ మూడోది కష్టం. చిన్నప్పుడు పిండివంట కూడా అడక్కుండానే తీసుకునేదానివి.

అది సూర్యుడు కాదు. వచ్చాక చెప్తాను.

నీ మావయ్య
గురునాథరావు

*

గేటు నంబరు 17 దగ్గర, దొండీ దాటాక అడవి దారి
3 డిసెంబరు

మావయ్యా,

దొరికాడు. ఇన్నాళ్లూ నేను ఎవరి కోసం తిరుగుతున్నానో ఆ మనిషి దొరికాడు.

ఖనిజం మోసే ప్రైవేటు రైలు దారి ఒకటి అడవిలోంచి పోతుంది. మట్టిరోడ్డు దాన్ని దాటే చోట గేటు. ఆ గేటు కాపలాకి కాంట్రాక్టరు పెట్టిన మనిషి బిసాహూ, యాభై దాటిన వయసు, నెరిసిన మీసం. పన్నెండు గంటల డ్యూటీ. అవతలి డ్యూటీ మనిషి రాకపోతే ఇరవైనాలుగు. గేటు గదిలో ఒక స్టూలు ఉంది, దాని మీద నీళ్లకుండ పెట్టుకున్నాడు. 'మీరు కూర్చోరా?' అంటే నవ్వాడు. 'నేను కూర్చుంటే కుండ ఎక్కడ పెట్టను?' అన్నాడు.

మొన్న సాయంత్రం గేటుకి ఇవతల సాల చెట్ల కింద గుడారం వేస్తుంటే పరిగెత్తుకుంటూ వచ్చాడు. 'కహాఁ సుత్బే నోనీ?' అన్నాడు. ఎక్కడ పడుకుంటావు పిల్లా, అని. 'ఇక్కడ ఎలుగుబంటి తిరుగుతుంది. అదొస్తే డబ్బా కొట్టి తోలొచ్చు. మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లని ఏ డబ్బా కొట్టి తోలను?'

నేను వినలేదు. నీకు తెలుసు కదా. అతను ఇంకేం మాట్లాడకుండా నా గుడారం తాళ్లు విప్పి, మొత్తం చుట్టి భుజాన వేసుకుని, గేటు ఆవరణలోకి నడిచాడు. గేటు స్తంభానికి తనే తాడు కట్టాడు. 'బయటివారికి ప్రవేశం లేదు' అని అక్కడ పెద్ద బోర్డు ఉంది. దాని కిందే నా చెప్పులు విడిచాను. ఎంత బాగుంది కదా! వాళ్ల బోర్డు, మన తాడు.

మర్నాడు ఉదయం ఏడున్నరకి ఖనిజం బండి వచ్చింది. యాభై ఎనిమిది వ్యాగన్లు. నేల అదురుతోంది. బిసాహూ ఆకుపచ్చ జెండా చంకలో ఇరికించుకుని, నిలబడే, టిఫిన్ డబ్బాలోంచి బాసీ తింటున్నాడు. బాసీ అంటే మన చద్దన్నమే. వెనక ఎర్రదుమ్ములో వ్యాగన్లు, ముందు ఈ మనిషి నోట్లో ముద్ద. ఒక మూల నా గుడారం, ఓమ్ని ముక్కు. మావయ్యా, నా జన్మకి ఈ ఒక్క ఫోటో చాలు. ఇదే తొమ్మిదో పోస్టరు. కింద ఇలా వెయ్యి:

'పన్నెండు గంటలు నిలబెట్టారు. ముద్ద మింగడానికి కూడా కూర్చోనివ్వని కంపెనీకి మనం గేటు తీస్తున్నాం. ఎన్నాళ్లు?'

పెద్ద సైజులో వేయించు. సుపేలాలో నాలుగు, ప్లాంటు సైకిల్ స్టాండు దగ్గర నాలుగు. కార్డు జతచేశాను.

నేను రేపు సిహావా వైపు పోతున్నాను. జవాబు నగరీ పోస్టాఫీసుకి రాయి. ఒక చోట రెండు రోజులుంటే కాళ్లు దురద పెడుతున్నాయి.

నీలిమ

*

మరోదా
11 డిసెంబరు

నీలూ,

ఎనిమిది పోస్టర్లు గోడెక్కాయి. తొమ్మిదోది నా ట్రంకులో ఉంది. అది ఎక్కదు.

కోపం తెచ్చుకునే ముందు ఈ రెండు పేరాలూ చదువు.

బండి పోతున్నంతసేపూ గేటు మనిషి చేతిలో జెండా చాపి ఉండాలి. ఇంజను దాటిందని దించకూడదు. ఆఖరి డబ్బాలో గార్డు కనబడి, అతను తన జెండా చూపించేవరకూ ఉంచాలి. ఇది ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చెప్పే మాట. నేను ముప్ఫై ఏళ్లు ఆ గుడ్డ పట్టుకున్నాను. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చాను గానీ దించలేదు.

నీ ఫోటోలో ఆ మనిషి కాళ్లు చూశాను. మడమలు రెండూ కలిపి ఉన్నాయి. వీపు నిటారుగా ఉంది. చొక్కా చింకిదే గానీ పైబొత్తం కూడా పెట్టుకున్నాడు. అలా నిలబడేవాడు బండి పోతుంటే అన్నం తినడు. మరి ఆ జెండా చంకలో ఎందుకుందే?

పన్నెండు గంటలన్నది నిజం. అది రాయి, నేను అతికిస్తాను. అతని చేతుల ఫోటో ఉంటే పంపు, కుండ పెట్టిన స్టూలు ఫోటో ఉంటే ఇంకా మంచిది. డ్యూటీ తప్పినట్టు కనబడే మనిషి ముఖం మాత్రం మా కరపత్రాల్లో మేమెప్పుడూ అచ్చు వేయలేదు.

అనిల్ ఈ ఫోటో చూసి ఎగిరి గంతేశాడు. ఫోనులో పెడతానన్నాడు. వద్దన్నాను. నోటు పుస్తకంలో రెండు సార్లు రాశాను.

మావయ్య

*

నగరీ, మహానది పుట్టిన కొండ కింద
19 డిసెంబరు

గురునాథరావుగారికి,

అవును, గారూ అనే రాస్తున్నాను. నా మావయ్య అయితే ఆ పోస్టరు ట్రంకులో పెట్టడు. 'భయం మన జీతంలోంచి కోసుకునే కోత' అని అచ్చు వేసిన మనిషి ఎక్కడికి పోయాడు? ఆ వాక్యం నేను పన్నెండేళ్లప్పుడు కంఠతా పట్టాను. ఇంగ్లీషు మాస్టారికి అప్పజెప్పి తన్నులు తిన్నాను. ఇప్పుడు ఆ మనిషి మడమలు కొలుస్తున్నాడు! బొత్తాలు లెక్కపెడుతున్నాడు!

మీరంతా ఇంతే. రిటైరైన రోజు శాలువా కప్పించుకుంటారు, దాంతో పాటు నోరూ కప్పేసుకుంటారు. చేతుల ఫోటో పంపాలట. స్టూలు ఫోటో పంపాలట. చేతులు చూసి ఎవడికి సిగ్గేస్తుంది? ముఖం చూడాలి. ఆ ముద్ద చూడాలి.

జెండా సంగతి అడిగావు. ఫోటో అంటే ఒక క్షణం. ఆ క్షణం అలా ఉంది. అంతే.

నెల తర్వాత నిన్న ఫోను తెరిచాను. కొండెక్కి, రాయి మీద నిలబడి, సిగ్నల్ పట్టుకుని అనిల్‌కి ఒకటే మాట పెట్టాను: 'తొమ్మిదోది పెట్టెయ్.' నీ గోడలు నీ దగ్గరే ఉంచుకో. ఫోనుకి మైదాపిండి అక్కర్లేదు.

ఇక్కడ ఏదీ కుదరడం లేదు. రోజుకో చోటికి మారుతున్నాను. పొద్దున్నే వేసిన గుడారం మధ్యాహ్నానికి పీకేస్తున్నాను. నది పుట్టేచోట కుంకుడుకాయ రసమంత నీళ్లున్నాయి. ఫోటో తీయబుద్ధి కాలేదు. వారం రోజుల్లో ఒక్క మనిషి ముఖమూ పట్టుకోలేకపోయాను. కెమెరా ఎత్తితే చెయ్యి దిగిపోతోంది. చలి వల్లే అయ్యుంటుంది.

ఇక్కడే ఉంటాను కొన్నాళ్లు. రాస్తే రాయి, లేకపోతే లేదు.

నీలిమ

*

మరోదా
6 జనవరి 2025

నీలూ,

ఫోటో ఫోనుల్లో పడి పందొమ్మిది రోజులైంది. చాలామంది చూశారట. అనిల్ తెచ్చి చూపించాడు. కింద రాసినవి చదివాను. పన్నెండు గంటల గురించి రాసినవాళ్లు నలుగురు. 'డ్యూటీలో తిండేమిటి' అన్నవాళ్లు నలభై మంది. 'గేటులో గుడారమేమిటి, అందులో ఎవరు' అన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ. అవి నీకు రాయను.

నా మనసు ఆగలేదు. నాలుగో తారీకున బస్సెక్కి దొండీ వెళ్లాను, అక్కణ్నుంచి పాలబండి మీద గేటుకి. గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. నా నోటు పుస్తకం చాపి 'బిసాహూ?' అని రాశాను. అతనికి చదువు రాదు. నా నోటి మాట విని మూడు వేళ్లు చూపించి ఊరి వైపు చెయ్యి ఊపాడు. మూడు కిలోమీటర్లు నడిచాను.

బిసాహూని ముప్ఫయ్యో తారీకున పన్లోంచి ఆపేశారు. చేతికి ఒక కాగితం ఇచ్చారు. నా చేత చదివించుకున్నాడు. మూడు నేరాలు. బండి పోతుండగా జెండా చూపకపోవడం. డ్యూటీలో తినడం. బయటి వ్యక్తిని, అదీ ఆడమనిషిని, గేటు ఆవరణలో ఉంచడం. నీ ఓమ్ని నంబరు కూడా వేశారు, ఫోటోలో సగం కనబడుతోంది. జనవరి ఇరవై ఎనిమిదిన విచారణ. తేలేదాకా జీతం లేదు. నేరం రుజువైతే ఆ లైను మీద ఏ గేటుకీ తీసుకోరు.

ఆ బండి ఎవరిదని వాళ్లు అడిగారట, అతను చెప్పిందంతా ఒక బడిపిల్లాడు నా నోటు పుస్తకంలో రాసిపెట్టాడు. 'ఎవరో బాటసారి, పేరు అడగలేదు' అని వేలిముద్ర వేశాడు. నేను నీకేమవుతానో చెప్పాను. అతను నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. అతని భార్య మాత్రం కప్పు నా ముందు పెట్టిన తీరుకి సగం టీ ఒలికింది.

ఇక ఆ సూర్యుడి సంగతి. తొంభై ఆరులో యార్డులో కాంట్రాక్టు కూలీలకి బూట్లు కావాలని ఒక కాంట్రాక్టరుకి అర్జీ రాశాం. మొదటి సంతకం పెట్టినవాడి గేటు పాసు మర్నాడే లాక్కున్నారు. వాడే అందరినీ ఎగదోశాడన్నారు. రెండోసారి రాసినప్పుడు కాగితం మధ్యలో టిఫిన్ డబ్బా మూత బోర్లించి గుండ్రం గీశాం. దాని చుట్టూ సంతకాలు. ఎవడు మొదలో, ఎవడు చివరో తెలీదు. పాసు లాక్కోవాలంటే ముప్ఫై రెండు లాక్కోవాలి. బూట్లు వచ్చాయి. ఒక్క మనిషి ఒంటరిగా కనబడకూడదని గీసిన గీత అది. దాన్ని నువ్వు ఒక్క మనిషి ముఖం కింద ముద్ర వేశావు.

అక్కకి అన్నీ తెలిసిపోయాయి, ఆ ఫోటో ఆవిడ ఫోనుకీ వచ్చింది. బండి నంబరు ఆవిడకి రాకపోతే ఎవరికి వస్తుంది? నాతో మాట్లాడటం మానేసింది. నాకు తేడా తెలీదనుకుందేమో, నా నోటు పుస్తకంలో 'ఇక నీతో మాటాడను' అని రాసి, కింద గీత గీసి మరీ ఎల్లింది.

ఆ జెండా సంగతి మళ్లీ అడగను.

మావయ్య

*

బిసాహూ ఇంటి వాకిలి
19 జనవరి

మావయ్యా,

ఉత్తరం పదిహేనున అందింది. నగరీ నుంచి ఇక్కడికి ఆగకుండా నడిపాను. రెండో గేరు రాకపోతే మూడులోనే లాగించాను. దారిలో ఒక్క ఫోటో తీయలేదు.

నువ్వు అడగనన్నావు. అందుకే చెప్పాలి.

ఆ రోజు బండి రాగానే బిసాహూ జెండా చాపి నిలబడ్డాడు. నువ్వు చెప్పినట్టే, మడమలు కలిపి. ఇరవై ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ గౌరవంగా ఉన్నాడు. నాకు గౌరవం అక్కర్లేకపోయింది మావయ్యా. నాకు అన్యాయం కావాలి. ఫోటోలో కనబడేలా కావాలి. ఇంకో పది వ్యాగన్లు ఉండగా 'బాబా, ఒక్కసారి జెండా చంకలో పెట్టుకుని డబ్బా తెరవండి' అన్నాను. 'గార్డు చూస్తాడు నోనీ' అన్నాడు. 'ఒక్క సెకనే' అన్నాను. కొత్తగా ఇంటికొచ్చిన పిల్ల అడిగితే కాదనలేనట్టు నవ్వుతూ తెరిచాడు. అందులోంచి ముద్ద నోట్లో పెట్టుకోమన్నదీ నేనే. తర్వాత గార్డు డబ్బా వచ్చేసరికి మళ్లీ జెండా చాపాడు. గార్డు బదులు చూపించాడు కూడా. ఆ ఫోటో నా దగ్గరుంది. ముందటివీ, ఆ తర్వాతదీ నా రెండో కార్డులోనే ఉంచేసుకుని నీకు ఒక్కటే పంపాను.

నగరీలో కెమెరా ఎత్తితే చెయ్యి దిగిపోయేదని రాశాను చూడు. చలి కాదు.

వచ్చిన రోజు బిసాహూ భార్య నన్ను వాకిట్లోనే ఆపింది. చీపురు చేతిలోనే ఉంది. 'నీ గుడారానికి తాడు కట్టిన చెయ్యి అది. ఎలుగు తినకుండా కాపాడితే నువ్వు తిన్నావు' అంది. బిసాహూ లోపల్నుంచి 'దాన్ని తిట్టకు, బియ్యం ఎక్కువ పడెయ్' అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా తగిలింది.

నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. 'నీకు పెళ్లి కావాలి, ఉద్యోగం కావాలి. నాకు రెండూ అయిపోయాయి' అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలీలేదు.

ఇప్పుడు ఏం చేయాలో చెప్పు. ఆ గేటు దాటేవాళ్లు నాలుగు ఊళ్లవాళ్లు. పదకొండేళ్లలో బిసాహూ ఒక్క రోజు గేటు వదల్లేదని అందరూ అంటున్నారు. సంతకం అంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. సగం మందికి ఆ కంపెనీలోనే పని. నీ గుండ్రం గీయిస్తాను. ఎలా గీయాలో, కాగితం మీద ఏం రాయాలో రాసి పంపు. ఇక్కడి పోస్టుమాన్ తెచ్చిస్తాడు.

అమ్మకి నేను రాయలేను. మొదటి వాక్యం రావడం లేదు.

నీలిమ

*

మరోదా
23 జనవరి

నీలూ,

గుండ్రం పెన్సిలుతో గీసి సంతకాలయ్యాక చెరిపెయ్యాలి. కాగితాన్ని ఇంటింటికీ తిప్పకు. ఒకే చోట అందర్నీ పిలిచి, ఒకే పూట పెట్టించు. ఒక్కో సంతకానికీ కాగితాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉండు, అప్పుడు ఎవరి పేరూ పైన ఉండదు. వేలిముద్రలకీ సంతకాలకీ మధ్య తేడా చేయకు, కలిపి పెట్టు. పైన రాయాల్సింది ఒక్క వాక్యం: 'ఈ గేటు దాటే మేము, బిసాహూ డ్యూటీ తప్పగా ఎన్నడూ చూడలేదు.' వాళ్లు చూసింది మాత్రమే రాయించు. కోపం నీది, దాన్ని వాళ్ల చేత సంతకం చేయించకు.

రెండో కార్డు చూపిస్తే జెండా చూపలేదన్న నేరం నిలబడదు. అయితే అది చూపించాలంటే ఆ ఫోటో నువ్వు చెప్పి చేయించావని ఒప్పుకోవాలి. ప్రవేశం లేని చోట ఉన్నావని నీ పేరుతో ఒప్పుకోవాలి. వాళ్లు పోలీసులకి ఇస్తారు. బండి పట్టుకోవచ్చు. రేపు బ్యాంకు ఉద్యోగం వచ్చినా పోలీసు విచారణలో ఇది పైకొస్తుంది. ఇవన్నీ ఒక ప్లీడరుని అడిగి తెలుసుకుని రాస్తున్నాను, బెదిరించడానికి కాదు.

ఊళ్లవాళ్ల సంతకాల్లో నీదీ కలిపేస్తే ఎవరికీ తెలీదు. ముప్ఫైమందిలో ఒక పేరు. ఆ గీత పనే అది. భయపడేవాళ్లని దాచడం తప్పు కాదు, నేనూ అందులో దాక్కున్నవాణ్నే. నీ సంతకం ఎక్కడ పెట్టుకుంటావో నేను చెప్పను. చెప్తే పెద్దయ్యాక నన్ను తిడతావు. ఇప్పటికే బాగా తిట్టావు.

అక్కకి మొదటి వాక్యం అక్కర్లేదు. 'అమ్మా' అని రాసి పంపు, మిగతాది ఆవిడే రాసుకుంటుంది.

మావయ్య

*

గేటు నంబరు 17, ఇవతలి పక్క
2 ఫిబ్రవరి

మావయ్యా,

బిసాహూ టిఫిన్ డబ్బా మూత బోర్లించి గుండ్రం గీశాను. స్కూలు వరండాలో ఒకే పూటలో ముప్ఫై నాలుగు మంది. కాగితం తిరుగుతూ ఉంటే పిల్లలు ఆటనుకున్నారు. బడి పంతులమ్మ సంతకం పక్కన మేకలు కాసే ముసలమ్మ వేలిముద్ర. గార్డుకి వరసకి బావమరిది ఒకడు వచ్చి, చుట్టూ చూసి, చటుక్కున పెట్టేసి పారిపోయాడు. చివరికి బిసాహూ భార్య నా ముందు కాగితం పెట్టింది. 'నీకూ చోటుంది' అంది. నిజంగానే ఉంది, ఇద్దరి మధ్య ఒక వేలంత.

పెట్టలేదు.

ఇంకో కాగితం తీసుకున్నాను. 'జెండా దించమన్నది నేను. డబ్బా తెరవమన్నది నేను. నన్ను లోపల ఉండనిచ్చింది నా ప్రాణానికి భయపడి' అని రాశాను. కింద నా పూర్తి పేరు, నాన్న పేరు, సెక్టర్ 6 క్వార్టరు నంబరు, బండి నంబరు. ఆ గుండ్రాన్ని దాని వెనక పెట్టి పిన్ను కొట్టాను. ఎవరో ఒకరు మొదట ఉండాలి కదా మావయ్యా. ఈసారి అది న్యాయంగా నా వంతు. నా జీవితంలో ఒక్క విశేషణమూ లేకుండా రాసిన మొదటి కరపత్రం అదే.

విచారణ గదిలో ఒక మేడమ్, ఇద్దరు మనుషులు. ఫోటోలు వరసగా చూశారు, టైములతో సహా. 'చేయించి తీసిందానికి కింద ఆ రాతలేమిటి?' అని అడిగింది. 'పన్నెండు గంటలన్నది చేయించింది కాదు. అది మీ రిజిస్టర్లో ఉంటుంది, చూడండి' అన్నాను. గొంతు లేచింది. బిసాహూ నా వైపు చూశాడు. దించాను. మేడమ్ రిజిస్టరు తెప్పించింది. చూసి, మూసి, పక్కన పెట్టింది.

మొన్న ముప్ఫై ఒకటిన కాగితం వచ్చింది. బిసాహూకి రాతపూర్వక హెచ్చరిక, నెల జీతంలో కోత, మళ్లీ అదే గేటు. పన్నెండు గంటలు పన్నెండే ఉన్నాయి. దాని గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నా మీద పోలీసు స్టేషన్లో కేసు రాశారు. ఓమ్ని స్టేషను ఆవరణలో ఉంది. కెమెరా కూడా వాళ్ల దగ్గరే. పిలిచినప్పుడు రావాలట. వస్తాను. ఆ పన్నెండు గంటల సంగతి కూడా అప్పుడు అడుగుతాను, ఈసారి ముప్ఫై నాలుగు మందిని అడిగాక.

ఈ పొద్దున బస్సు కోసం పోతూ గేటు దగ్గర ఆగాను. గేటు వేసి ఉంది. బోర్డుకి ఇవతలే నిలబడ్డాను, పాలవాళ్లతో పాటు. బిసాహూ బాసీ తినబోతున్నట్టున్నాడు, డబ్బా చేతిలో ఉంది. దూరంగా బండి కూత వినబడింది. నన్ను చూశాడు. అడ్డం మీంచి చెయ్యి చాపి డబ్బా నా చేతిలో పెట్టాడు. 'పట్టుకో నోనీ. కిందకి పెట్టకు, చీమలున్నాయి' అన్నాడు.

యాభై ఎనిమిది వ్యాగన్లు పోయేదాకా పట్టుకున్నాను. అతను జెండా చాపి నిలబడ్డాడు. ఆఖరి డబ్బా దాటి, గార్డు జెండా చూపించి, ఎర్రదుమ్ము నేలకి దిగాక గేటెత్తాడు. అందరూ దాటారు. అప్పుడొచ్చి డబ్బా తీసుకుని, గదిలోకి వెళ్లి, స్టూలు మీది కుండ దించి కింద పెట్టి, కూర్చుని తిన్నాడు.

రేపు సాయంత్రానికి సుపేలాలో దిగుతాను. ముందు అమ్మ దగ్గరికి వెళ్తాను. నువ్వు రాకు.

నీలిమ